డాలస్‌లో 1,30,000 డాలర్లు వదిలి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 75,000 యూరోలకు వెళ్లొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భర్త హెచ్-1బీ మీద డాలస్ శివార్లలో ఉన్నారు, ఏడాదికి 1,30,000 డాలర్ల జీతం. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చింది, ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరుసలో ప్రయారిటీ డేట్, అంటే వరుసలో చేరిన తేదీ, 2019. భార్యకు హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని అనుమతి) ఉంది, టెస్టింగ్ ఉద్యోగం చేసి పాప కోసం మానేశారు. బాబు హైదరాబాద్‌లో పుట్టాడు, ఎనిమిదేళ్లు. పాప డాలస్‌లోనే పుట్టింది, మూడేళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్ కంపెనీ 75,000 యూరోలు ఇస్తామంటోంది. ఎక్కడ బతుకు బాగుంటుంది?

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. చాలామంది అక్కడే ఆగిపోయి మిగతాది చూడరు. యూరోలను డాలర్లలోకి మార్చి 87 వేలేనా అని పెదవి విరవడం వల్ల ఏమీ తేలదు. ఖర్చులన్నీ పోను చేతిలో ఎంత మిగులుతుందన్నదే చూడాలి.

డాలస్ లెక్క, 2025 రేట్లతో. భార్యాభర్తలు ఉమ్మడిగా ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. మిగిలిన 98,500 మీద ఫెడరల్ పన్ను సుమారు 11,500. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, అంటే 9,945. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. పాపకు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉంది కాబట్టి 2,200 చైల్డ్ క్రెడిట్ వస్తుంది. బాబుకు లేదు కాబట్టి 500 మాత్రమే. కుటుంబ ఆరోగ్య బీమాకు మీ వాటా నెలకు 600 అనుకుంటే (కంపెనీని బట్టి ఇది రెట్టింపు కూడా కావచ్చు) చేతికి నెలకు 8,700 నుంచి 8,800 డాలర్లు వస్తాయి. 401కే (కంపెనీ ద్వారా రిటైర్మెంట్ పొదుపు) లో వేసేది ఇందులోంచే పోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ లెక్క, ఇదీ 2025 రేట్లతోనే. పింఛను బీమా 9.3 శాతం, నిరుద్యోగ బీమా 1.3 శాతం. ఆరోగ్య బీమా 7.3 శాతం, దానిమీద క్రాంకెన్‌కాస్సె (ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థ) అదనంగా వేసేదాంట్లో సగం. సంరక్షణ బీమా ఇద్దరు పిల్లలున్నవారికి 1.55 శాతం. ఈ చివరి రెండూ ఏడాదికి 66,150 యూరోల వరకే లెక్కిస్తారు. అన్నీ కలిపి సుమారు 14,600. ఆదాయపు పన్ను మూడో తరగతిలో (ఒక్కరే సంపాదించే దంపతులు ఎంచుకునే పన్ను తరగతి) దాదాపు 8,700. చేతికి నెలకు 4,300 యూరోలు. పిల్లల భత్యం ఒక్కొక్కరికి 255 చొప్పున 510 విడిగా బ్యాంకులో పడుతుంది. మొత్తం 4,800. ఏటా జనవరిలో ఈ అంకెలు కొద్దిగా మారుతుంటాయి, కానీ లెక్క తీరు ఇదే.

డాలస్‌లో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ 1,800–2,000 డాలర్లు. రెండు కార్ల వాయిదాలు, బీమా, పెట్రోలు 1,200–1,500. పాప డేకేర్ 1,200–1,500. కిరాణా 900. వేసవిలో ఏసీ వల్ల కరెంటు బిల్లు 200 దాటడం మామూలే. ఫోన్లు, ఇంటర్నెట్, బాబు క్లాసులు, ఆస్పత్రి డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యేలోపు మీరు కట్టేది) కూడా కలిపితే 6,300 దగ్గర తేలుతుంది. 2,400 మిగలవచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 80 చదరపు మీటర్ల మూడు గదుల ఇంటికి అసలు అద్దె 1,400–1,700 యూరోలు. మన లెక్కలో అది రెండు పడకగదులు, ఒక హాలు. హీటింగ్, నీళ్లు, చెత్త కలిపి మరో 300. కరెంటు 90, కిరాణా 850. దేశమంతా లోకల్ రైళ్లూ బస్సులూ తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి మనిషికి 63. కిటాలో (పిల్లల సంరక్షణ కేంద్రం) పాపకు, ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సె రాష్ట్రంలో, మూడేళ్లు నిండాక రోజుకు 6 గంటలు ఉచితం, ఆపై గంటలకూ భోజనానికీ 150–200. టీవీ, రేడియో రుసుము ఇంటికి 18.36, మీరు టీవీ కొన్నా కొనకపోయినా. ఫోన్లు, ఇంటర్నెట్, బాబు క్లాసులు, చిల్లర ఖర్చులు కూడా కలిపితే మొత్తం 3,400–3,600. మిగిలేది 1,200–1,400.

కాబట్టి పొదుపులో డాలస్‌దే పైచేయి, యూరోలను డాలర్లలోకి మార్చి చూసినా ఒకటిన్నర రెట్లు. జర్మనీలో సామాజిక భద్రత ఉంది కాబట్టి పొదుపు అక్కర్లేదని కొందరు అంటారు. ఊళ్లో అప్పు తీర్చాల్సినవాళ్లకు, తమ్ముడి చదువుకు పంపాల్సినవాళ్లకు ఆ మాట పనికిరాదు. నెలనెలా లక్ష రూపాయలకు పైగా ఇంటికి పంపాల్సిన బాధ్యత మీకుంటే ఈ జవాబులో మిగతాది చదవక్కర్లేదు, డాలస్‌లోనే ఉండండి.

అలాంటిది లేకపోతే అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. డాలస్‌లో మిగిలే ఆ 2,400లో కొంత నిజమైన పొదుపు కాదు. రేపు ఏదైనా జరిగితే మీరే భరించాల్సినదానికి ముందుగా దాచుకుంటున్న సొమ్ము. ఆ జరిగేవి ఏమిటో ఒక్కొక్కటిగా చూడండి.

ఉద్యోగం పోతే: అమెరికాలో కారణం చెప్పకుండా ఈరోజు తీసేయవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవారికి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అద్దె ఒప్పందం మధ్యలో తెంచుకుంటే ఒకటి రెండు నెలల అద్దె పోతుంది. జర్మనీలో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, అప్పుడు రెండు వారాల నోటీసు చాలు. ఈ ఆరు నెలలూ అమెరికా కంటే పెద్ద తేడా ఏమీ ఉండదు, దీన్ని చాలామంది గమనించరు. అది దాటాక, పది మందికి పైగా ఉన్న కంపెనీ మిమ్మల్ని తీసేయాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. 30 నెలల్లో 12 నెలలు చందా కట్టి ఉంటే నిరుద్యోగ భృతి వస్తుంది, పిల్లలున్నవారికి నికర జీతంలో 67 శాతం. బ్లూ కార్డ్ (నిపుణులైన ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా మూడు నెలల వ్యవధి దొరుకుతుంది, కానీ ఉద్యోగం పోయిన సంగతి రెండు వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి మీరే రాసి పంపాలి. అది చేయకపోతే ఇబ్బందుల్లో పడతారు.

జబ్బు చేస్తే: డాలస్‌లో మీ కంపెనీ బీమా ప్లాన్‌లో రెండు అంకెలు చూడండి, డిడక్టిబుల్, ఏడాదికి మీ జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం. చట్టం ప్రకారం 2025లో ఆ గరిష్ఠం కుటుంబానికి 18,400 డాలర్ల వరకు ఉండవచ్చు. అదీ నెట్‌వర్క్‌లోని ఆస్పత్రులకే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీ ఒక్కరి చందా మీద ఉద్యోగం లేని భార్య, ఇద్దరు పిల్లలు ఉచితంగా చేరతారు. ఆస్పత్రిలో ఉంటే పెద్దలకు రోజుకు 10 యూరోలు, ఏడాదికి 28 రోజుల వరకే. మందుల చీటీకి 5 నుంచి 10 యూరోలు. పిల్లలకు అదీ లేదు. మీకు జబ్బు చేస్తే ఆరు వారాలు పూర్తి జీతం కంపెనీ ఇస్తుంది, ఆ తర్వాత బీమా సంస్థ స్థూల జీతంలో 70 శాతం దాకా ఇస్తుంది. పిల్లలకు జ్వరం వస్తే ఇంట్లో ఉండటానికి, ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే తల్లిదండ్రులిద్దరికీ విడివిడిగా, ఒక్కో బిడ్డకు ఏడాదికి 15 రోజులు. ఇవి మీ సెలవులోంచి పోవు. ఆ సెలవు చట్టప్రకారం కనీసం 20 పనిదినాలు, మంచి కంపెనీల్లో 28–30.

ఇంత చెప్పాక జర్మన్ వైద్యం గురించి మనవాళ్లు చేసే ఫిర్యాదు కూడా చెప్పాలి, అది నిజం కూడా. చర్మ వైద్యుడో, గుండె వైద్యుడో కావాలంటే అపాయింట్‌మెంట్‌కు వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. డాలస్‌లో అంతకంటే త్వరగా దొరకవచ్చు. జ్వరం, గొంతు నొప్పితో వెళితే టీ తాగి పడుకోమంటారు, యాంటీబయాటిక్ అంత తేలిగ్గా రాయరు. దీనికి మార్గం ఏమిటంటే, దిగిన మొదటి నెలలోనే ఇంటి దగ్గర ఒక కుటుంబ వైద్యుడి దగ్గర, పిల్లల వైద్యుడి దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలి. పిల్లల వైద్యులు చాలాచోట్ల కొత్తవారిని తీసుకోవడం లేదంటారు కాబట్టి జబ్బు వచ్చేదాకా ఆగకూడదు. అత్యవసరమైన స్పెషలిస్టు కోసం కుటుంబ వైద్యుడిని రెఫరల్ మీద అత్యవసర కోడ్ వేయమని అడగండి. దాంతో 116117 నంబరుకు ఫోన్ చేస్తే నాలుగైదు వారాల్లో ఎవరో ఒకరి దగ్గర స్లాట్ ఇస్తారు. మీకు నచ్చిన డాక్టరే దొరకాలని లేదు.

ఒక ఉచ్చు గురించి ఇక్కడే చెప్పాలి. జీతం ఒక హద్దు దాటితే (2025లో 73,800 యూరోలు, 2026లో 77,400) ప్రైవేటు ఆరోగ్య బీమాకు మారవచ్చు. ఏజెంట్లు మన వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుంటారు, నెలకు 300 ఆదా అని చెబుతారు. ప్రైవేటులో భార్యకు, ప్రతి బిడ్డకు వేరే ప్రీమియం. వయసుతో పాటు అది పెరుగుతుంది. 55 దాటాక ప్రభుత్వ బీమాకు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఒక్కరి సంపాదనతో నలుగురు ఉండే ఇంటికి ఇది తప్పుడు బేరం.

ఇక వీసా. నా దృష్టిలో మీ ఇంట్లో తూకం మార్చేది ఇదీ, బాబు వయసూను. ఈబీ-2లో భారతీయుల వంతు 2025 చివర్లో ఇంకా 2013 దగ్గరే ఉంది. మీది 2019. మధ్యలో ఆరేళ్ల జనం ఉన్నారు, కానీ ఆరేళ్లలో తేలుతుందని కాదు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల తేదీ కొన్ని నెలలు కదిలి మళ్లీ వెనక్కి వెళ్లిన సందర్భాలు ఎన్నో. మీ బాబుకు 21 నిండేలోపు గ్రీన్ కార్డు రాకపోతే హెచ్-4 పోతుంది, వాడు విద్యార్థి వీసాకు మారాలి. అంటే ఎనిమిదేళ్ల నుంచి టెక్సస్ బడిలో చదివినవాడు అంతర్జాతీయ విద్యార్థి అయిపోతాడు. చెల్లెలు అమెరికా పౌరురాలు, అన్న కాదు. ఒకే ఇంట్లో ఈ తేడా పిల్లలకు అర్థమయ్యే వయసు వచ్చేసరికి మీకు దారులు తక్కువ మిగులుతాయి.

దీనితో పాటు రాకపోకల సంగతి. హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేదంటే, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరి ఉంటే వెళ్లడం తేలికే, తిరిగి రావడం అపాయింట్‌మెంట్ చేతిలో ఉంటుంది. 2025 డిసెంబరులో వీసా అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడి, సెలవుకు వెళ్లినవాళ్లు ఇండియాలోనే ఇరుక్కుపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. జర్మనీ రెసిడెన్స్ కార్డు చెల్లుబాటులో ఉన్నంతకాలం వెళ్లి రావడానికి వేరే స్టాంపింగ్ లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, తొమ్మిది, పది గంటల ప్రయాణం. డాలస్‌కు ఎటు తిరిగినా 20 గంటలకు తక్కువ కాదు. ఇంటికి ఫోన్ చేయడానికి మూడున్నర, నాలుగున్నర గంటల తేడా అంటే సాయంత్రం ఆఫీసు అయ్యాక అమ్మ ఇంకా మేలుకునే ఉంటుంది.

బ్లూ కార్డ్‌కు మీ జీతం హద్దు కంటే చాలా పైనే ఉంది (2026లో సాధారణ ఉద్యోగాలకు 50,700 యూరోలు). శాశ్వత నివాసం బీ1 స్థాయి (మధ్యస్థ) జర్మన్‌తో 21 నెలలకు, ఏ1 తో (భాషలో మొదటి మెట్టు) 27 నెలలకు అడగవచ్చు. ఆ నెలలన్నీ పింఛను చందా పడి ఉండాలి. పౌరసత్వానికి ఐదేళ్లు, బీ1, 33 ప్రశ్నల పరీక్షలో 17 సరైన జవాబులు. మూడేళ్లకే ఇచ్చే దారి ఒకటి ఉండేది, 2025 అక్టోబరులో తీసేశారు. పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి. జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. కాబట్టి భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయులకు ఇచ్చే కార్డు) తీసుకోవాలి. పెద్ద నగరాల్లో దరఖాస్తు పరిశీలనకు ఏడాదికి పైగా పట్టడం మామూలు. అయినా ఆ బాట చివర ఒక తేదీ కనిపిస్తుంది.

తల్లిదండ్రుల విషయంలో మాత్రం జర్మనీ వెనకబడి ఉంది. అమెరికా విజిటర్ వీసా మీద అత్తమామలు వచ్చి ఆరు నెలలు ఉండవచ్చు. జర్మనీకి వచ్చే షెంగెన్ వీసాకు 180 రోజుల్లో 90 రోజులే. 2024 మార్చి 1 తర్వాత తొలిసారి బ్లూ కార్డ్ తీసుకున్నవారు తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకునే వీలు చట్టంలో పెట్టారు. కానీ వాళ్లకు పూర్తి ఆరోగ్య బీమా చూపాలి. అరవై, డెబ్బై ఏళ్లవారికి ప్రభుత్వ బీమాలో చోటు లేదు, ప్రైవేటు కంపెనీలు బీపీ, షుగర్ చూసి వెనక్కి తగ్గుతాయి, లేదా మనం భరించలేని ప్రీమియం చెబుతాయి. కాగితం మీద ఉన్న హక్కు చాలామందికి అక్కడే ఆగిపోతోంది.

బడి గురించి వివరంగా చెప్పాలి. హెస్సెలో ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతితో అయిపోతుంది. ఆ తర్వాత గిమ్నాజియుం (విశ్వవిద్యాలయానికి దారి), రియల్‌షూలె (మధ్యస్థం), హౌప్ట్‌షూలె (వృత్తి శిక్షణకు దారి) అని దారులు విడిపోతాయి. నాలుగో తరగతి మధ్యలో బడి ఒక సిఫారసు ఇస్తుంది. మీ బాబు ఇప్పుడు వెళితే భాష నేర్చుకోవడానికి సుమారు రెండేళ్లు దొరుకుతాయి. ఎనిమిదేళ్లవాడికి అది సరిపోతుంది. ఇంకో రెండేళ్లు ఆలోచించి పదేళ్ల వయసులో తీసుకెళితే జర్మన్ రాకుండానే విభజన మీద పడతాడు. తెలివైన పిల్లలు భాష వల్ల కింది దారిలోకి వెళ్లడం అక్కడ తరచూ జరిగేదే, పైకి మారడం కష్టం. అందుకే వెళ్లేట్టయితే ఈ వేసవిలోనే వెళ్లండి, లేదా ఆ ఆలోచన మానుకోండి. మధ్యే మార్గం లేదు.

వెళ్లాక బడి వాణ్ణి జర్మన్ నేర్పే ఇంటెన్సివ్ తరగతిలో వేయవచ్చు, సాధారణంగా ఒక ఏడాది. వయసుకు తగ్గ తరగతి కంటే ఒకటి కింద చేర్చుదామని అడిగితే అహం అడ్డురానివ్వకండి, ఒప్పుకోండి. విభజనకు ముందు ఒక ఏడాది అదనంగా వస్తుంది. హెస్సెలో ఏ రకం బడి అన్న చివరి నిర్ణయం తల్లిదండ్రులదే. సందేహంగా ఉంటే పదో తరగతి దాకా దారులు విడదీయని ఉమ్మడి బడి ఐజీఎస్ ఉంటుంది, అందులో వేయండి. రెండేళ్లు ఇంగ్లిష్ మీడియం అంతర్జాతీయ బడిలో చదివించి తర్వాత మారుద్దాం అనే పథకం బాగా కనిపిస్తుంది. కానీ ఏడాదికి 20 వేల యూరోలకు పైగా ఫీజు పోవడంతో పాటు, జర్మన్ నేర్చుకోవాల్సిన రెండేళ్లూ పోతాయి.

బడి హాజరు విషయంలో వాళ్లు కఠినంగా ఉంటారు. సంక్రాంతికి పది రోజులు ఎత్తుకుపోదాం అంటే కుదరదు, జరిమానా పడుతుంది. ఇండియా ప్రయాణాలన్నీ బడి సెలవుల్లోనే, టికెట్ ధరలు ఎక్కువగా ఉన్నప్పుడే. డిగ్రీ మాత్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేకుండా అయిపోతుంది, సెమిస్టరుకు కొన్ని వందల యూరోల నిర్వహణ రుసుము తప్ప. ఇద్దరు పిల్లల అమెరికా కాలేజీ ఖర్చుతో పోల్చుకుంటే మొదట్లో కనిపించిన నెలకు దాదాపు వెయ్యి డాలర్ల తేడా చాలావరకు పూడిపోతుంది.

మీ శ్రీమతి సంగతి. బ్లూ కార్డ్ భార్యకు వచ్చేముందు భాష పరీక్ష అక్కర్లేదు, దిగిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. హెచ్-4 ఈఏడీలా విడిగా పని అనుమతి, దాని రెన్యువల్ కోసం ఎదురుచూడటం ఉండవు. ఇది చట్టం ఇచ్చే స్వేచ్ఛ. పని దొరకడం వేరు. టెస్టింగ్ ఉద్యోగాల ప్రకటనలు చాలావాటిలో బీ2 జర్మన్ అడుగుతారు. మీ ఆఫీసు ఇంగ్లిష్‌లో నడుస్తుంది కాబట్టి మీకు ఇబ్బంది తెలియదు. కిటా టీచరు, డాక్టరు రిసెప్షన్, బడి నుంచి వచ్చే ఉత్తరం, ఇంటి యజమాని, ఇవన్నీ ఆవిడ మీద పడతాయి, అవన్నీ జర్మన్‌లోనే. ఆవిడ కోర్సుకు వెళ్లాలంటే పాపకు కిటాలో చోటు ఉండాలి. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ చోటు ఇవ్వాలని 2013 నుంచి చట్టం ఉన్నా నగరాల్లో సిబ్బంది కొరత వల్ల నెలల తరబడి ఆగాల్సి వస్తుంది. చోటు లేక పాప ఇంట్లో, పాప ఇంట్లో ఉండటంతో కోర్సు లేదు, కోర్సు లేక ఉద్యోగం లేదు, చలికాలంలో నాలుగున్నరకే చీకటి. రెండేళ్లకే తిరుగుముఖం పట్టే కుటుంబాల్లో కథ ఎక్కువగా ఇలాగే నడుస్తుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన రోజే నగర పోర్టల్‌లో కిటా దరఖాస్తు వేయండి, ఒక్కచోట కాదు, పది చోట్ల. ఆవిడ ఇప్పటి నుంచే ఆన్‌లైన్‌లో ఏ1 మొదలుపెట్టాలి. బీ1 వరకు సర్కారు కోర్సుల్లోనే 600 పాఠాలు ఉంటాయి, ఒక్కోటి 45 నిమిషాలు. అంత ఓపిక తనకు లేదని ఆవిడ ఇప్పుడే చెబితే ఆ మాట విని డాలస్‌లో ఉండిపోవడం మంచిది.

మనవాళ్ల మధ్య ఉండాలనుకుంటే డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, అర్వింగ్‌లతో ఫ్రాంక్‌ఫర్ట్‌ను పోల్చలేం. డాలస్‌లో గుడి, మనబడి, కూచిపూడి క్లాసు, కర్రీ పాయింట్, సినిమా మొదటి రోజు మొదటి ఆట, అన్నీ ఇరవై నిమిషాల్లో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగు సంఘం ఉంది, ఉగాదికి, దసరాకు కలుస్తారు. సోనా మసూరి, కందిపప్పు, పచ్చళ్లు దొరుకుతాయి. గోంగూర, మునక్కాడలు శ్రీలంక తమిళుల కొట్లలో వచ్చినప్పుడు కొనుక్కోవాలి. ఆదివారం అన్ని కొట్లూ మూత, శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోవాలి. రాత్రి పది దాటాక మిక్సీ, వాషింగ్ మెషీన్ వేస్తే కింది ఇంటివాళ్లు వచ్చి తలుపు కొడతారు. పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళ్లడం, సైకిళ్ల మీద పార్కుకు పోవడం, కాల్పుల డ్రిల్లులు లేని బడి, ఇవి మరోవైపు. విదేశీయుల పట్ల వ్యతిరేకత రెండుచోట్లా పెరిగింది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానంలోకి వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి, జనం కలగలిసిన ఊళ్లో రోజువారీ బతుకులో దీని ప్రభావం తక్కువే.

ఇల్లు దొరకడం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి పెద్ద గండం. ప్రకటనలో కాల్ట్‌మీటె అని ఉన్నది అసలు అద్దె మాత్రమే, వార్మ్‌మీటెలో హీటింగ్, నీళ్లు కలుస్తాయి, కరెంటు అప్పుడూ విడిగానే. డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. చాలా ఇళ్లలో వంటగది ఖాళీ గదిగానే ఇస్తారు. స్టవ్, సింక్, అల్మారాలు మీరే పెట్టించుకోవాలి, లేదా వెళ్లిపోతున్న అద్దెదారు దగ్గర కొనాలి. దీనికి మూడు నాలుగు వేల యూరోలు తేలిగ్గా అవుతాయి. కాబట్టి ప్రకటనలో ఈబీకే అని ఉందా చూడండి, వంటగది అమర్చి ఉందని అర్థం. యజమానులు షూఫా అనే రుణ చరిత్ర పత్రం అడుగుతారు, కొత్తగా వచ్చినవారికి అది ఖాళీగా ఉంటుంది. దాని బదులు ఉద్యోగ ఒప్పందం, మీ కంపెనీ నుంచి ఉత్తరం, అమెరికాలో గత యజమాని ఇచ్చిన పత్రం కలిపి ఒకే ఫైలుగా పెట్టుకోండి. ఇల్లు చూడకుండా, తాళాలు పోస్టులో పంపిస్తాం, ముందు డబ్బు వేయండి అంటే అది మోసమే.

ఇల్లు దొరికాక మనవాళ్ల డిపాజిట్ ఎక్కువగా పోయేది బూజు వల్ల. కుక్కర్ ఆవిరి, తాలింపు, ఇంట్లో ఆరేసిన బట్టలు, చల్లని బయటి గోడ, ఇవి కలిస్తే మూలల్లో నల్లటి బూజు పడుతుంది. చలికాలంలో కిటికీ కొద్దిగా వంచి రోజంతా వదిలేస్తే గాలి పెద్దగా మారదు సరికదా, గోడ మరింత చల్లబడి తేమ అక్కడే చేరుతుంది. పొద్దున, సాయంత్రం, వంటయ్యాక కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసేయండి. బీరువాను బయటి గోడకు ఆనించకుండా అరచెయ్యి మందం ఎడం పెట్టండి. డాలస్ అపార్ట్‌మెంట్‌లో సెంట్రల్ ఏసీ చూసుకునే పని ఇక్కడ మీ చేతులు చూసుకోవాలి. అన్నట్టు ఇళ్లలో ఏసీ ఉండదు, జులైలో ఓ పది రోజులు అవస్థే.

సొంతిల్లు అనే ఆశ ఉంటే డాలస్‌లోనే అది దగ్గర. హెచ్-1బీ మీద కూడా కొంటున్నారు, ఆస్తి పన్ను మాత్రం ఏటా ఇంటి విలువలో 2 శాతం దాకా. హెస్సెలో కొనుగోలు పన్ను 6 శాతం, నోటరీ, రిజిస్ట్రేషన్ దాదాపు 2, బ్రోకరు వాటా 3.57 వరకు. పది శాతానికి పైగా ఖర్చుల్లోనే పోతుంది, దానికి సాధారణంగా బ్యాంకు అప్పు ఇవ్వదు.

పింఛను ఒక్కమాట. అమెరికాలో 40 క్రెడిట్లు, అంటే పదేళ్ల పని పూర్తికాకపోతే సోషల్ సెక్యూరిటీ పింఛనుకు అక్కడి పనితోనే హక్కు రాదు. మన దేశానికి వాళ్లతో ఒప్పందం లేదు. జర్మనీలో 60 నెలలు కడితే హక్కు వస్తుంది, 2017 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం వల్ల ఆ పింఛను ఇండియాకు కూడా వస్తుంది. మీకు అమెరికాలో తొమ్మిదేళ్లు నడుస్తుంటే పదో ఏడు నిండేదాకా చేరే తేదీ వెనక్కి జరపమని అడగడంలో తప్పులేదు, బాబు బడి సంవత్సరం దాటనంతవరకు.

మొత్తమ్మీద మీ ఇంటికి నా సలహా: ఆవిడ జర్మన్‌కు సిద్ధమైతే వెళ్లండి, కానీ 75,000కు కాదు. 82,000 అడగండి, 78–80 వేల దగ్గర తేలవచ్చు. దానికంటే ముఖ్యంగా మూడు అడగండి: రెండు నెలల తాత్కాలిక ఫర్నిష్డ్ ఇల్లు, ఇల్లు వెతికిపెట్టే ఏజెంటు ఖర్చు, ఆవిడ భాషా కోర్సు ఫీజు. జీతం పెంచనంటున్న కంపెనీలు కూడా వీటికి తలూపుతాయి, అది వేరే బడ్జెట్ కాబట్టి.

అమెరికా వదిలేముందు: ఐ-140 ఆమోద పత్రం కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ మీదే. ఎప్పుడైనా తిరిగి వస్తే 2019 నుంచే వరుస. హెచ్-1బీలో వాడని కాలం మిగిలి ఉంటే లాటరీ లేకుండా వాడుకోవచ్చు. కానీ దేశం బయట ఉన్నవారి కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము అని 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది, తిరిగి వచ్చే ఆలోచన చేసేటప్పుడు అది అప్పటికి ఏ స్థితిలో ఉందో చూసుకోండి. 401కే ను కదపకండి, 59½ ఏళ్లలోపు తీస్తే పన్నుకు తోడు 10 శాతం జరిమానా. పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఆమె పేరు మీద విదేశీ ఖాతాల్లో 10,000 డాలర్లు దాటితే అక్కడ రిపోర్టు చేయాలి. తాతగారు మురిపెంగా వేసే ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అందులోకే వస్తుంది.

దిగాక వరుస ఇది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు, అందుకు యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. హోటళ్లు, కొన్ని తాత్కాలిక ఇళ్లు ఆ పత్రం ఇవ్వవు, బుక్ చేసేముందే అడగండి. నమోదయ్యాక రెండు నుంచి నాలుగు వారాల్లో పన్ను నంబరు పోస్టులో వస్తుంది. లెటర్‌బాక్స్ మీద మీ ఇంటిపేరు అంటించకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది. నంబరు లేకపోతే కంపెనీ ఎక్కువ కోత ఉండే ఆరో పన్ను తరగతి కింద పన్ను కోసి మొదటి జీతం సగానికి దగ్గరగా ఇస్తుంది. తర్వాత సర్దుతారు గానీ, ఆ నెల గడవాలి కదా. అందుకని పది, పన్నెండు వేల యూరోలు చేతిలో ఉంచుకుని దిగండి: డిపాజిట్‌కు ఐదు వేలు, మొదటి అద్దె, సామాన్లు, ఈ కోత. వ్యక్తిగత బాధ్యత బీమా ఏడాదికి 60–80 యూరోలు, మొదటి వారంలోనే తీసుకోండి. పాప సైకిలు పక్కింటి కారుకు గీసుకున్నా, ఇంటి తాళం పోయి భవనమంతటికీ తాళాలు మార్చాల్సి వచ్చినా అదే కాపాడుతుంది, పాలసీలో ఈ రెండూ ఉన్నాయో లేదో మాత్రం చదివి తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. టెక్సస్ లైసెన్సు పరీక్ష లేకుండా మార్చుకునే జాబితాలో ఉంది, దాన్ని గడువు తీరనివ్వకుండా తీసుకెళ్లండి. ఇండియా లైసెన్సు ఒక్కటే ఉన్నవారు రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాసి, రెండు నుంచి మూడు వేల యూరోలు వదిలించుకోవాలి. కాబట్టి మీ శ్రీమతికి టెక్సస్ లైసెన్సు ఇంకా లేకపోతే టికెట్లు కొనేలోపు తీయించండి.